దిబ్బెక్కిన దొరతనం

రాయి లేదు, సున్నం లేదు. తవ్విపోసిన మట్టి, నరికి పాతిన దుంగలు. ఇంగ్లండ్‌ను ఒక్క యుద్ధంలో గెలిచిన నార్మన్లు ఆ దేశం చేజారకుండా పట్టుకున్నది వీటితోనే. ఆ పట్టు ఎలాంటిదో, దాని బరువు ఎవరి మీద పడిందో తెలియాలంటే వేల్స్ సరిహద్దులో గడ్డి కప్పుకున్న ఒక పాత దిబ్బ దగ్గరికి వెళ్లాలి.

1086లో రాజుగారి మనుషులు పన్నుల లెక్క రాసుకోవడానికి ష్రూస్‌బరీ పట్టణానికి వచ్చారు. ఊళ్లోని ఇంగ్లిష్ జనం వాళ్లకు మొర పెట్టుకున్నారు. పాత రాజు ఎడ్వర్డ్ కాలంలో ఆ ఊళ్లో 252 ఇళ్లు ఉండేవి. కొత్త దొర వచ్చి కోట కోసం 51 ఇళ్ల జాగా తీసుకున్నాడు. మరో 50 ఇళ్లు పాడుబడ్డాయి. 43 ఇళ్ల జాగాల్లో ఫ్రెంచివాళ్లు చేరారు. ఊరు కట్టాల్సిన పన్ను మాత్రం తగ్గలేదు. మిగిలినవాళ్లే అంతా మోయాలి. ఇది తమకు చాలా కష్టంగా ఉందని వాళ్లు చెప్పుకున్న మాట, దేశంలోని ఆస్తులన్నీ లెక్కగట్టిన డూమ్స్‌డే బుక్‌లోకి ఎక్కింది. తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఆ మొర చెరిగిపోలేదు.

ఆ దొర పేరు రోజర్ డి మాంట్‌గమరీ. నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్ సింహాసనమెక్కిన విలియంకు అత్యంత నమ్మకస్తుడు. ష్రూస్‌బరీ కోటతో ఆయన పని తీరలేదు. అక్కడికి నైరుతి దిక్కున, వేల్స్ కొండలు మొదలయ్యే చోట, సెవర్న్ నదికి చేరువలో మరో కోట వేయించాడు. నార్మండీలోని సొంతూరి పేరే, మాంట్‌గమరీ అని, దానికి పెట్టాడు. ఈరోజు అక్కడికి వెళ్లినవాళ్లకు కోట అనదగ్గది మొదటి చూపులో ఏదీ కనిపించదు. సుమారు 8 మీటర్ల ఎత్తున్న మట్టి దిబ్బ, దాని పక్కన గట్టు చుట్టిన కోడిగుడ్డు ఆకారపు నేల, వాటి చుట్టూ పూడుకుపోతున్న కందకాలు. అంతే. వెల్ష్ వాళ్లు దాన్ని హెన్ డోమెన్ అంటారు, అంటే పాత దిబ్బ.

బ్రిటన్‌లోని మట్టి కోటల గురించి ఈరోజు మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా ఈ దిబ్బ నేర్పినదే. చట్టం దీన్ని రక్షిత కట్టడంగా కాపాడుతోంది. ఒక చిన్న దండు ఒక పెద్ద జనాన్ని ఎలా లొంగదీసుకుందో, ఆ లొంగుబాటులో కష్టం ఎవరిదో రాజుల కొలువుల్లో రాసిన చరిత్రల కన్నా ఈ మట్టి సూటిగా చెబుతుంది.

గెలిచినవాడి భయం

1066 సెప్టెంబరు 28న విలియం సేన ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పెవెన్సీ దగ్గర ఒడ్డుకు చేరింది. అక్టోబరు 14న హేస్టింగ్స్ యుద్ధంలో హెరాల్డ్ రాజు నేలకొరిగాడు. క్రిస్మస్ రోజున వెస్ట్‌మినిస్టర్‌లో విలియం కిరీటం పెట్టుకున్నాడు. మూడు నెలల్లో రాజ్యం చేతికి వచ్చింది. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

విలియం వెంట సముద్రం దాటినవాళ్లు ఏడెనిమిది వేలమంది ఉంటారని చరిత్రకారుల అంచనా. గెలిచిన దేశంలో జనం ఇరవై లక్షలకు అటూ ఇటూ. భాష వేరు, పద్ధతులు వేరు, మనసుల్లో కసి. ప్రతి లోయలో, ప్రతి పట్టణంలో పది మంది గుర్రపు రౌతులు ఈ రాత్రికి ప్రాణాలతో ఉండాలంటే నిశ్చింతగా తల దాచుకునే చోటు కావాలి. అది వారాల్లో, కుదిరితే రోజుల్లో లేవాలి. రాతి కోటకు ఏళ్లు పడుతుంది, నేర్పరులైన మేస్త్రీలు కావాలి. మట్టికి పారలు, గంపలు, బలవంతాన పట్టుకొచ్చిన కూలీలు చాలు.

యుద్ధానికి ముందే వాళ్లు ఆ పని మొదలుపెట్టారు. దండయాత్ర కథను సుమారు 70 మీటర్ల గుడ్డ మీద కుట్టి చూపిన బయ్యూ టేపెస్ట్రీలో హేస్టింగ్స్ దగ్గర దిబ్బ లేపుతున్న దృశ్యం ఉంది. కూలీలు పారలతో మట్టి ఎత్తుతుంటారు. ఇద్దరు ఆ పారలతోనే కొట్టుకుంటుంటారు. పక్కన నిలబడ్డవాళ్లు పని చేయిస్తుంటారు. దిబ్బ లోపల రంగురంగుల చారలు కుట్టారు. మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేశారని చూపడానికే ఆ చారలని చాలామంది పండితుల అభిప్రాయం.

మరుసటి ఏడాది విలియం నార్మండీకి వెళ్తూ రాజ్యాన్ని తమ్ముడు ఓడోకూ, విలియం ఫిట్జ్‌ఓస్బర్న్‌కూ అప్పగించాడు. వాళ్లు దేశమంతటా కోటలు కట్టించి పేద జనాన్ని పీడించారని ఆనాటి ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ రాసింది. 1069లో యార్క్ తిరుగుబాటును అణచిన విలియం అక్కడ ఎనిమిది రోజులు మకాం వేసి, ఉన్న కోట చాలదన్నట్టు రెండో కోట లేపించాడు. కోటల కోసం లింకన్‌లో 166 ఇళ్లు, నారిచ్‌లో 98, కేంబ్రిడ్జ్‌లో 27 ఇళ్లు పోయాయని డూమ్స్‌డే బుక్ లెక్క. యార్క్ పట్టణంలో ఏడు పేటలుంటే ఒక పేట మొత్తం కోటల కింద పోయింది. ఈ కోట శత్రువు నుంచి ఊరిని కాచేది కాదు. ఊరి నుంచి దొరను కాచేది.

ఆర్డరిక్ విటాలిస్ అనే సన్యాసి ఈ సంగతిని స్పష్టంగా పట్టుకున్నాడు. ఆయన 1075లో ష్రూస్‌బరీ దగ్గరే పుట్టాడు. తండ్రి రోజర్ డి మాంట్‌గమరీ కొలువులో మతాచార్యుడు. పదేళ్ల వయసులో నార్మండీలోని మఠానికి వెళ్లిన ఆర్డరిక్ అక్కడే పెద్ద చరిత్ర గ్రంథం రాశాడు. ఇంగ్లిష్‌వాళ్లు వీరులే, పోరాడాలన్న పట్టుదలా ఉంది. కానీ వాళ్ల దేశంలో నార్మన్ల మాదిరి కోటలు చాలా తక్కువ, అందుకే నిలవలేకపోయారని ఆయన తేల్చాడు.

మట్టి కోట ఎలా లేస్తుంది?

ముందు నేల మీద గుండ్రంగా గీత గీస్తారు. ఆ గీత వెంబడి కందకం తవ్వుతారు. తవ్విన మట్టిని లోపలికి విసిరి గుట్టగా పోస్తారు. కందకం లోతైనకొద్దీ దిబ్బ ఎత్తు పెరుగుతుంది. ఒకే శ్రమతో రెండు అడ్డంకులూ సిద్ధం. మట్టిగోడ పెట్టేవాడు వరస మీద వరస వేసినట్టే దిబ్బనూ పొరలుగా వేస్తారు: బంకమట్టి, రాళ్ల ముక్కలు, గడ్డి పెళ్లలు మార్చి మార్చి. వాన నీరు జారిపోవాలి, దిబ్బ కూలకూడదు.

దిబ్బ మీద దుంగలతో చిన్న బురుజు, అంచున దడి. దిబ్బ కింద ఒక పక్క మరో కందకం, గట్టు, దడి చుట్టిన ఆవరణ. దిబ్బను మాట్ అనీ, ఆవరణను బెయిలీ అనీ అంటారు. ఆవరణలో దొర సభాశాల, వంటిళ్లు, గుర్రపుశాలలు, ధాన్యపు కొట్లు, కమ్మరి కొలిమి, ప్రార్థన మందిరం ఉండేవి. అక్కణ్నుంచి దిబ్బ మీదికి చెక్క వంతెన. ఆవరణ పడిపోయినా దిబ్బ మీదికి ఎక్కి వంతెన తెంచుకుంటే సాయం వచ్చేదాకా కొందరైనా నిలవగలరు.

కొత్తగా పోసిన దిబ్బ ఏళ్లపాటు కుంగుతూ ఉంటుంది. దాని మీద రాతిగోడ పెడితే పగుళ్లిస్తుంది. దుంగల కట్టడం ఆ కుంగుబాటుకు సర్దుకుంటుంది. సర్రే ప్రాంతంలోని అబింజర్‌లో 1949లో బ్రయన్ హోప్-టేలర్ ఒక చిన్న దిబ్బ తలను తవ్వినప్పుడు చదరపు బురుజు స్తంభాలు పాతిన గుంటలు, చుట్టూ దడి గుంటలు వరుసగా బయటపడ్డాయి. లండన్ శివారులోని సౌత్ మిమ్స్‌లో బురుజును ముందే నేల మీద నిలబెట్టి, తర్వాత దాని చుట్టూ మట్టి పోశారని 1960ల తవ్వకాలు చూపాయి.

చెక్క కోటకు పెద్ద శత్రువు నిప్పు. బయ్యూ టేపెస్ట్రీలోనే బ్రిటనీలోని దీనాన్ కోట ముట్టడి కనిపిస్తుంది. ఇద్దరు సైనికులు కాగడాలతో దడికి నిప్పు పెడుతుంటే, పైనున్న దొర కోనన్ ఈటె మొనకు తాళంచెవులు తగిలించి లొంగిపోతాడు. అయితే మట్టి కాలదు. కాలిన దుంగల స్థానంలో కొత్తవి పాతితే కోట మళ్లీ లేచినట్టే.

మట్టిగోడ బలం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఓరుగల్లులో రాతికోట చుట్టూ కాకతీయులు పోయించిన మట్టికోట, దాని వెలుపలి అగడ్త ఇప్పటికీ కనిపిస్తాయి. 1310 నాటి మాలిక్ కాఫూర్ ముట్టడిలో ఆ మట్టిగోడ గట్టితనం ఢిల్లీ సేనను ఎంత ఆశ్చర్యపరిచిందో అమీర్ ఖుస్రో రాసిపెట్టాడు. కాకతీయుల గోడ రాజధాని నగరాన్ని మొత్తం తన లోపలికి తీసుకుంది. నార్మన్ దిబ్బ ఒక్క దొరనూ అతని మనుషులనూ మాత్రమే పైకెత్తి, మిగిలిన ఊరిని కింద ఉంచింది. మట్టి ఒకటే, పని వేరు.

ఒక రేవు, నాలుగు కోటలు

హెన్ డోమెన్ ఎక్కడపడితే అక్కడ లేచింది కాదు. దానికి దగ్గర్లో సెవర్న్ నదిని నడిచి దాటగల రిడ్‌వైమన్ రేవు ఉంది. వేల్స్ లోపలి కొండల నుంచి ఇంగ్లండ్ మైదానంలోకి దిగేవాళ్లకు అది సహజమైన దారి. ఆ దారిని పట్టుకున్నవాడిదే సరిహద్దు.

ఈ లెక్క నార్మన్లకన్నా చాలా ముందు నుంచీ ఉన్నదే. మాంట్‌గమరీ ఊరి పైన ఫ్రీద్ వాల్డ్విన్ అనే కొండ మీద ఇనుపయుగపు కోట గట్లున్నాయి. రేవుకు దగ్గర్లో ఫోర్డెన్ గేర్ అనే రోమన్ సైనిక కోట ఉంది. మాంట్‌గమరీకి తూర్పున 8వ శతాబ్దంలో మెర్సియా రాజు ఆఫా పోయించిన పొడవాటి సరిహద్దు కట్ట సాగుతుంది. ఆ తర్వాత హెన్ డోమెన్. దాని తర్వాత 13వ శతాబ్దపు రాతి కోట. కొద్ది మైళ్ల పరిధిలో ఒకే దారి కోసం నాలుగు యుగాలు నాలుగు కోటలు కట్టాయి.

రోజర్ వచ్చేసరికి ఈ నేల ఎలా ఉందో డూమ్స్‌డే బుక్ చెబుతుంది. కోట కింద 52½ హైడ్ల భూమి ఉంది. హైడ్ అంటే ఆనాటి పన్ను లెక్కలో ఒక భూమి కొలత. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఆ భూమి సెవార్, ఓస్లాక్, అజోర్ అనే ముగ్గురిది. పన్ను లేకుండా అనుభవించేవారు, వేటకు వాడుకునేవారు. పుస్తకంలో ఉన్నది అంతవరకే. మిగతాది మట్టి చెప్పింది. కోట గట్టు కింద, ఆవరణ కింద నాగలి చాళ్ల గుర్తులు వరసలుగా బయటపడ్డాయి. నార్మన్లు రాకముందు ఎవరో రైతులు ఆ నేలను దున్నుకున్నారు. సరిహద్దు పోరుల కాలంలో అది బీడు పడి వేటనేలగా మారింది. ఆ బీడు మీద కోట లేచింది. ఆ చాళ్లు దున్నినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు అక్కడ బతికారనడానికి ఆ కోట గట్టు కింద చెక్కుచెదరకుండా మిగిలిన మట్టే సాక్ష్యం. బ్రిటన్‌లో తేదీ ఇంత గట్టిగా చెప్పగలిగిన పాత సాగు గుర్తులు అరుదు.

కోట చేసే పని

మధ్యయుగపు మట్టి కోట తలుపులు మూసుకుని కూర్చునే చోటు మాత్రమే కాదు. తలుపులు తెరుచుకుని బయటికి దూకే చోటు కూడా. గుర్రం మీద సగం రోజులో వెళ్లి రాగలిగినంత మేర ఆ కోటది. ఆ మేరలో ఎవరు కదిలినా దిబ్బ మీది కాపలావాడికి కనబడాలి, దండు బయల్దేరాలి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. పన్ను ధాన్యం అక్కడికే చేరేది. తగాదాలు అక్కడే తీరేవి. శిక్షలు అక్కడే పడేవి. దొర అక్కడే నిద్రపోయేవాడు, అతిథులకు విందులూ అక్కడే. సైనిక స్థావరం, కచేరీ, గిడ్డంగి, ఇల్లు, అన్నీ ఒక గట్టు లోపల.

సరిహద్దు దొరలకు ఇది మరీ అవసరం. రోజర్ వంటివాళ్లకు విలియం సరిహద్దు భూములు అప్పగించి, వేల్స్ వైపు ఎంత ఆక్రమించగలిగితే అంత ఆక్రమించుకోమని వదిలేశాడు. హెన్ డోమెన్ ఆ ఆక్రమణకు ముందు కాలు. రోజర్ మనుషులు అక్కణ్నుంచే వేల్స్ లోపలికి చొచ్చుకుపోయారు.

వేల్స్ జనం ఊరుకోలేదు. 1094లో రోజర్ చనిపోయాడు. మరుసటి ఏడాదే వెల్ష్ యోధులు కోటను పట్టుకుని లోపలున్న దొర మనుషులను చంపారు. ఈ వార్త విని, విలియం తర్వాత రాజైన విలియం రూఫస్ స్వయంగా సేనతో వేల్స్‌లోకి దిగాడు. వెల్ష్‌వాళ్లు కొండల్లోకి తప్పుకున్నారు, రాజు వట్టి చేతులతో వెనక్కి వచ్చాడు. ఒక దూరపు మట్టి కోట పడిపోతే రాజే కదిలి రావాల్సి వచ్చిందంటే దాని విలువ ఎంతో తెలుస్తుంది.

రోజర్ కొడుకుల్లో హ్యూ 1098లో ఆంగ్లెసీ దీవి దగ్గర నార్వే రాజు మాగ్నస్ దండుతో జరిగిన పోరులో బాణం తగిలి చనిపోయాడు. పెద్దవాడు రాబర్ట్ 1102లో రాజు మొదటి హెన్రీ మీద తిరగబడి ఇంగ్లండ్‌లో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. హెన్ డోమెన్ బాల్డ్విన్ డి బౌలర్స్ అనే మరో దొర చేతికి వెళ్లింది. అతని వంశం దాదాపు వందేళ్లు అక్కడుంది. మాంట్‌గమరీ పట్టణానికి వెల్ష్ భాషలో ట్రెవాల్డ్విన్ అన్న పేరు ఈ బాల్డ్విన్ నుంచి వచ్చిందే.

1223లో కుర్రవాడైన రాజు మూడవ హెన్రీ, మంత్రి హ్యూబర్ట్ డి బర్గ్ పక్కనున్న రాతి గుట్ట మీద కొత్త కోట మొదలుపెట్టించారు. పాత దిబ్బ వెనక్కి తగ్గింది, అయినా వెంటనే ఖాళీ కాలేదు. 1267 సెప్టెంబరు 29న అదే రిడ్‌వైమన్ రేవు దగ్గర మూడవ హెన్రీకీ వెల్ష్ నాయకుడు లెవెలిన్ ఆప్ గ్రిఫిద్‌కూ సంధి కుదిరింది. లెవెలిన్‌ను వేల్స్ యువరాజుగా ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్నాడు. ఏ దారిని మూసి పట్టుకోవడానికి దిబ్బ పోశారో ఆ దారి మీదే రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నాయి.

మట్టిని చదివినవాళ్లు

ఇంగ్లండ్‌లోనే ఇలాంటి దిబ్బ కోటలు 600కు పైగా నమోదై ఉన్నాయి. అయితే నూటయాభై ఏళ్ల కిందట వీటిని ఎవరు పోశారో పండితులకే తెలియదు. కోటల మీద అప్పట్లో పెద్ద అధికారం జి.టి. క్లార్క్‌ది. ఇంజినీరైన క్లార్క్ 1840లలో బొంబాయిలో మురుగునీటి వ్యవస్థ మీద నివేదిక రాశాడు, మన దేశపు తొలి రైలుమార్గ ఆలోచనల్లోనూ పాలుపంచుకున్నాడు. ఇంటికి తిరిగెళ్లాక కోటల అధ్యయనంలో మునిగిపోయాడు. 1884లో వచ్చిన ఆయన పుస్తకం ఈ దిబ్బలు నార్మన్లకు ముందటి ఆంగ్లో-శాక్సన్లవని చెప్పింది. చాలామంది దాన్నే నమ్మారు.

దాన్ని తిరగరాసినవారిలో ముఖ్యురాలు ఎల్లా ఆర్మిటేజ్. కేంబ్రిడ్జ్‌లో ఆడపిల్లల కోసం వెలిసిన న్యూనమ్ కాలేజీ తొలి విద్యార్థినుల్లో ఒకరు. ఆవిడ పాత రికార్డులూ దిబ్బలూ ఎదురెదురుగా పెట్టి చదివారు. ఆంగ్లో-శాక్సన్లు 'బర్' అని పిలిచినవి ఊరందరి రక్షణకు కట్టిన ప్రాకారాలు. దిబ్బ ఒకే దొర కుటుంబానికి చోటిచ్చేది. ఊరంతటి కోసం కట్టేవాళ్లు ఇంత చిన్న తల ఉన్న గుట్టను ఎందుకు పోస్తారు? డూమ్స్‌డేలో కోట ఉందన్న చోటల్లా దిబ్బ కనిపిస్తోంది. 1169 తర్వాత నార్మన్లు అడుగుపెట్టిన ఐర్లండ్ జిల్లాల్లోనూ ఇవే దిబ్బలు. 1912లో వచ్చిన ఆవిడ పుస్తకంతో దిబ్బలు నార్మన్లవే అన్న వాదన స్థిరపడింది. కోట ఆకారాన్ని చూసి సరిపెట్టుకోకుండా అది ఎవరి కోసం కట్టిందని అడిగినందువల్లే ఆర్మిటేజ్‌కు జవాబు దొరికింది.

దొర ఎవరో తేలింది. లోపల ఏముందో తేల్చే పనిని 1960లో ఫిలిప్ బార్కర్ హెన్ డోమెన్‌లో మొదలుపెట్టారు. తర్వాత రాబర్ట్ హైమ్ ఆయనకు తోడయ్యారు. దాదాపు ముప్పై ఏళ్లపాటు ఏటా వేసవిలో తవ్వకం సాగింది. అప్పటిదాకా పురావస్తు శాఖల అలవాటు పొడవాటి కందకం ఒకటి తవ్వి లోపలి పొరలు చూసుకోవడం. బార్కర్ ఆ పద్ధతి వద్దన్నారు. మొత్తం నేలను ఒకేసారి తెరిచి, చిన్న తాపీలతో ఒక్కో పొరను గీకుతూ దిగారు. కుళ్లిపోయిన దుంగ మిగిల్చేది మట్టిలో ఒక రంగు మరక మాత్రమే. స్తంభాలు పాతకుండా నేల మీద దూలాలు పరిచి కట్టిన ఇంటికైతే ఆ మరకా ఉండదు. గులకరాళ్లు ఒక చోట ఎక్కువ, మరో చోట తక్కువ కనిపించడమే ఆ ఇంటి గుర్తు. కందకం తవ్వి చూసే కంటికి అది ఎప్పటికీ దొరకదు.

ఆ ఓపికకు ఫలితం దక్కింది. ఖాళీ ఆవరణ అనుకున్న చోట ఇల్లు మీద ఇల్లు, తరం మీద తరం బయటపడ్డాయి. రోజర్ కాలంలో బలమైన దడి, దిబ్బ అడుగున పెద్ద కట్టడం, అక్కణ్నుంచి దిబ్బకు వంతెన. బాల్డ్విన్ వంశం నాటికి ఆవరణ చిన్న చిన్న కట్టడాలతో కిక్కిరిసింది. దుంగలు పుచ్చితే పీకేసి మళ్లీ కట్టారు, కాలితే మళ్లీ కట్టారు. విలాస వస్తువులు మాత్రం దాదాపు ఏమీ దొరకలేదు. మట్టికుండల పెంకులు, ఒక చెక్క బొక్కెన, ఇనుప ముక్కలు. సరిహద్దు దొర అధికారం పెద్దదే అయినా అతని బతుకు చలిలో, బురదలో, పొగలో గడిచింది. మట్టి కోట రెండు మూడేళ్ల తాత్కాలిక ఏర్పాటన్న పాత అభిప్రాయాన్నీ ఈ తవ్వకమే తోసిపుచ్చింది. దుంగల కోట తరాలపాటు నిలిచింది. కోటంటే రాయే అన్న మాట దానితో చెల్లకుండా పోయింది.

వెళ్లేవాళ్ల కోసం

* విండ్సర్: రాజకుటుంబపు కోటను చూడ్డానికి వెళ్లే మనవాళ్లంతా చూసే గుండ్రటి బురుజు కింద ఉన్నది విలియం పోయించిన దిబ్బే. దుంగల స్థానంలో 12వ శతాబ్దంలో రెండవ హెన్రీ రాయి పెట్టించాడు.
* యార్క్, క్లిఫర్డ్స్ టవర్: దిబ్బ మీద చెక్క బురుజు ఉండగా, 1190 మార్చిలో మూక దాడికి భయపడి అక్కడ తలదాచుకున్న సుమారు 150 మంది యూదులు ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడున్న రాతి బురుజు 13వ శతాబ్దానిది.
* బర్కమ్‌స్టెడ్: లండన్ నుంచి రైల్లో వెళ్లి చూసి రాగల దిబ్బ, జంట కందకాలు. 1833 నాటి రైల్వే చట్టం ఈ కోటకు రక్షణ ఇచ్చిందనీ, బ్రిటన్‌లో పార్లమెంటు చట్టంతో కాపాడిన మొదటి కట్టడం ఇదేననీ చెబుతారు.
* థెట్‌ఫర్డ్: మీద రాయన్నదే లేని మహా దిబ్బ. దేశంలోని అతి ఎత్తైన నార్మన్ దిబ్బల్లో ఒకటి.

దేన్ని కాపాడుతున్నారు?

బ్రిటన్‌లో ప్రాచీన కట్టడాల రక్షణకు మొదటి సాధారణ చట్టం 1882లో వచ్చింది. జాన్ లబ్బాక్ ఏళ్లపాటు పట్టుబట్టి దాన్ని సాధించారు. ఆ చట్టం కాపాడిన కట్టడాల జాబితాలో ఎక్కువ భాగం చరిత్రకు ముందటి రాళ్లు, సమాధులే. యజమాని ఇష్టపడితేనే రక్షణ. 1913 చట్టంతో ప్రభుత్వానికి గట్టి అధికారాలు వచ్చాయి. 1979 చట్టం ఇంకా బిగించింది. వేల్స్‌కు ఇప్పుడు సొంత చట్టం ఉంది, 2024 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఇంగ్లండ్‌లో సుమారు 20,000, వేల్స్‌లో 4,000కు పైగా కట్టడాలు ఈ రక్షణ కింద ఉన్నాయి. ఇంగ్లండ్‌లో హిస్టారిక్ ఇంగ్లండ్, వేల్స్‌లో కాడూ ఈ జాబితాల పనిని చూస్తాయి.

రక్షణ అంటే దిబ్బ ప్రభుత్వం పరమవడం కాదు. చాలా దిబ్బలు ఇప్పటికీ రైతుల పొలాల్లో, పల్లెల చర్చీల పక్కన ఉన్నాయి. యజమాని గొర్రెలు మేపుకోవచ్చు, గడ్డి కోసుకోవచ్చు. తవ్వాలన్నా, పూడ్చాలన్నా, షెడ్డు వేయాలన్నా అనుమతి కావాలి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరగడం నేరం. ఇనుప ముక్క కోసం తవ్విన అడుగు లోతు గుంట పైకి చిన్నదే. కానీ ఆ అడుగులోనే ఒక ఇంటి నేల, ఒక మంట గుర్తు, ఒక తరం ఉండవచ్చు. రాతిగోడ కూలితే రాళ్లు ఏరి మళ్లీ పేర్చవచ్చు. కలిసిపోయిన మట్టి పొరను ఎవరూ విడదీయలేరు. కుందేళ్ల బొరియలు, చెట్ల వేళ్లు, ఎక్కేవాళ్ల కాళ్లు, గట్టుకు మరీ దగ్గరగా సాగే ట్రాక్టరు, అన్నీ ఆ పుస్తకంలో ఒక్కో పేజీ చింపుతున్నట్టే.

ఇంత జాగ్రత్త ఎందుకో ఈ మధ్య రెండు దిబ్బలు చూపాయి. మార్ల్‌బరోలోని విలియం నాటి కోట దిబ్బను లోపలి నుంచి సన్నని గొట్టంతో మట్టి తీసి పరీక్షిస్తే, అది క్రీ.పూ. 2400 ప్రాంతంలో పోసినదని 2011లో తేలింది. యార్క్‌షైర్‌లోని స్కిప్సీ దిబ్బ సుమారు 2,500 ఏళ్లనాటిదని 2016లో బయటపడింది. నార్మన్లు అప్పటికే ఉన్న ఆ గుట్టలను తమ కోటలకు వాడుకున్నారు. రెండింటినీ అంతకుముందే ఎవరైనా చదును చేసి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

హెన్ డోమెన్‌ను తవ్వినవాళ్లు కూడా ఇదే ఆలోచించారు. తవ్వకం అంటే పేజీని చదువుతూనే చించడం. అందుకే అంత కాలం పనిచేసినా ఆవరణలో సగం దాకా, దిబ్బలో ఇంకా ఎక్కువ భాగం అలాగే వదిలేశారు. బార్కర్ కాలంలో లేని పరీక్షలు ఇప్పుడున్నాయి, ఇప్పుడు లేనివి రేపు వస్తాయి. పుప్పొడి రేణువు నుంచి ఆనాటి పంట, ఎరువు ఆనవాళ్ల నుంచి పశువుల కొట్టం, మట్టిలో మిగిలిన అతి సూక్ష్మ గుర్తుల నుంచి ఆ ఇంట్లో తిన్న తిండి పట్టుకునే రోజులివి.

తవ్వకుండా వదిలిన ఆ సగంలో ఉన్నది ఎక్కువగా దొరల కథ కాదు. దొరల కథ చార్టర్లలో, క్రానికల్స్‌లో, గుడ్డ మీద కుట్టుపనిలో ఉంది. రోజర్ పేరు, బాల్డ్విన్ పేరు ఎటూ పోవు. ఆ దిబ్బకు మట్టి మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ష్రూస్‌బరీవాళ్లలా తమ కష్టం చెప్పుకునే అవకాశం కూడా వాళ్లకు దక్కలేదు. పొలం దున్నినవాళ్లు, కందకం తవ్వినవాళ్లు, వంటిల్లు ఊడ్చినవాళ్లు, గుర్రాలకు మేత వేసినవాళ్లు, 1095లో దడి దూకి లోపలికి వచ్చిన వెల్ష్ యువకులు, అందరూ మిగిల్చింది ఆ మట్టిలోనే ఉంది. గెలిచినవాళ్లు కట్టించిన కోటను ఓడినవాళ్ల చరిత్ర కోసం కాపాడుకోవాలి. ఒక రైతు తన పొలంలోని గట్టుకు నాగలి తగలనీయకుండా పక్కకు తిప్పిన ప్రతిసారీ ఆ పని జరుగుతూనే ఉంటుంది.